పాత కార్ ఇన్సూరెన్స్: పద్మినికి సొట్ట పడితే క్లెయిమ్‌లో చేతికొచ్చేది ఎంత? ఐడీవీ దగ్గరే అసలు కిటుకు..

తాతగారు కొన్న అంబాసిడరో, నాన్న పెళ్లికి ఊరేగిన ప్రీమియర్ పద్మినియో ఇంకా మీ ఇంటి షెడ్డులో ఉందా? ఏటా ఇన్సూరెన్స్ కూడా కడుతున్నారా? అయితే ఒకసారి పాలసీ కాగితం బయటకు తీయండి. అందులో 'ఐడీవీ' అని రాసి ఉన్న చోట ఎంత అంకె ఉందో చూడండి. చాలామందికి అక్కడ 30 వేలో, 40 వేలో కనిపిస్తుంది. కారు మీద మీరు పెట్టింది మాత్రం లక్షల్లో ఉంటుంది. యాక్సిడెంట్ అయ్యాక, వరద వచ్చాక చూసుకుంటే లాభం లేదు. అప్పుడు మాట్లాడేది ఆ అంకె ఒక్కటే.

ఈ విషయం మా ఇంట్లోనే అనుభవమైంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పెదనాన్న గారి 1986 మోడల్ పద్మిని కూడా మునిగింది. బానెట్ దాకా నీళ్లు. నాలుగు రోజులు అలాగే ఉంది. నీళ్లు తీశాక లోపల చెయ్యి మందాన బురద. ఆ కారు క్లెయిమ్ కోసం ఆయన తిరిగిన తిరుగుడు చూశాకే ఈ రూల్స్ అన్నీ చదివా. మామూలు కారు క్లెయిమ్‌కీ, పాత కారు క్లెయిమ్‌కీ చాలా తేడా ఉంది.

ముందు ఒక క్లారిటీ.. మీ కారు 'వింటేజ్' కాదు!

మనం వాడుకలో పాత కారు ఏదైనా వింటేజ్ అనేస్తాం. ఇన్సూరెన్స్ వాళ్ల డిక్షనరీ వేరు. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ ప్రకారం 1940 డిసెంబర్ 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫై చేసిన కారే వింటేజ్. అంటే చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 రోల్స్ రాయిస్ లాంటివి అన్నమాట. అలాంటి వాటికి 'అగ్రీడ్ వాల్యూ' పాలసీ ఇవ్వొచ్చు. కారు విలువ ఇంత అని ముందే ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటారు. పూర్తిగా పోతే ఆ మొత్తం ఇస్తారు. తరుగుదల గొడవ ఉండదు.

ఇక రవాణా శాఖ లెక్క ఇంకోటి. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల రూల్స్ మార్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటే 'వింటేజ్ మోటార్ వెహికల్'గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. రెన్యువల్ 5 వేలు. నంబర్ ప్లేట్ మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. 2022 జూన్ నుంచి అమలైన థర్డ్ పార్టీ రేట్లలో ఇలా రిజిస్టర్ అయిన కార్లకు సగం డిస్కౌంట్ కూడా ఉంది.

బాగుంది కదా అనుకోకండి. దీనికో మెలిక ఉంది. వీఏ ప్లేట్ తీసుకుంటే ఆ కారుని రోజూ రోడ్డు మీద తిప్పడానికి లేదు. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, టెక్నికల్ రీసెర్చ్‌కి, పెట్రోల్ కొట్టించడానికి, రిపేర్‌కి.. అంతవరకే. ఆదివారం పూట పిల్లల్ని ఎక్కించుకుని బీచ్ రోడ్డుకి వెళ్దాం అంటే రూల్ ఒప్పుకోదు. అలా వెళ్లినప్పుడు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర ఇదే ప్రశ్న వస్తుంది. "ఆ రోజు కారు ఎందుకు రోడ్డెక్కింది?" అని.

మరి 1970ల చివర్లో, 80ల్లో, 90ల్లో వచ్చిన పద్మినులు, అంబాసిడర్లు, కాంటెస్సాలు, తొలితరం మారుతీ 800లు ఎక్కడికి వస్తాయి? ఎక్కడికీ రావు. ఇన్సూరెన్స్ కంపెనీ దృష్టిలో అవి జస్ట్ పాత కార్లు. తెలుగు రాష్ట్రాల్లో జనం ముచ్చటపడి పెట్టుకున్న కార్లలో ఎక్కువ ఈ బాపతే.

ఐడీవీ.. ఇక్కడే దెబ్బ పడేది

ఐడీవీ అంటే ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ. కారు మొత్తం పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. కొత్త కారుకి దీనికో పట్టిక ఉంది. ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15 శాతం, రెండేళ్లలోపు 20 శాతం.. అలా పెరుగుతూ నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం తగ్గిస్తారు. ఐదేళ్లు దాటిన తర్వాత? అక్కడ పట్టిక ఆగిపోతుంది. "కంపెనీ, కారు ఓనర్ పరస్పరం ఒప్పుకున్న విలువ" అని టారిఫ్‌లో ఉంది.

ఈ ఒక్క మాట చాలామందికి తెలీదు. పరస్పరం ఒప్పుకున్నది అంటే మీకూ మాట ఉందన్నమాట. కానీ జరిగేదేంటి? ఏజెంట్ పోయినేడాది అంకె మీద ఇంకో పది శాతం తగ్గించి రెన్యువల్ చేసేస్తాడు. లేదంటే మనమే ఆన్‌లైన్‌లో ప్రీమియం తక్కువ వస్తుందని కింది అంకె ఎంచుకుంటాం. మా పెదనాన్న గారిది ఇదే కథ. 2010లో 90 వేలు ఉన్న ఐడీవీ వరద వచ్చేనాటికి 35 వేలకు దిగింది. ఈలోపు ఆయన ఆ కారుకి ఇంజిన్ బోరింగ్, కొత్త సీటు కవర్లు, పూర్తి పెయింటింగ్ చేయించారు. ఆ బిల్లులు కంపెనీకి ఎప్పుడూ చూపించలేదు.

ప్రీమియం ఎంత పెరుగుతుందో అని భయం అక్కర్లేదు. పాత టారిఫ్ లెక్కన పదేళ్లు దాటిన కారుకి ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఐడీవీలో మూడున్నర శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఇప్పుడు రేట్లు కంపెనీల ఇష్టం, డిస్కౌంట్లు కూడా ఉంటాయి. ఆ లెక్కే వేసుకున్నా 35 వేల ఐడీవీని లక్షా 20 వేలు చేయించుకుంటే ఏడాదికి పెరిగేది సుమారు మూడు వేలు. ఒక టైరు ఖరీదు.

ఐడీవీ పెంచమంటే కంపెనీ ఊరికే ఒప్పుకోదు. కారు నలువైపులా ఫొటోలు, ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్ క్లోజప్, రెస్టోరేషన్ బిల్లులు, వీలైతే లైసెన్స్ ఉన్న సర్వేయర్ దగ్గర తీసుకున్న వాల్యుయేషన్ రిపోర్ట్.. ఇవన్నీ పట్టుకుని బ్రాంచికి వెళ్లాలి. ఆన్‌లైన్ పేజీలో అంకెకు పైహద్దు పెట్టేసి ఉంటుంది, అక్కడ బేరం కుదరదు. అగ్రీడ్ వాల్యూ పద్ధతిలో పాలసీ ఇస్తారా అని కూడా ఒక ముక్క రాతపూర్వకంగా అడగండి. లేదంటే లేదంటారు, పోయేదేముంది?

సొట్ట ఒక్కటే.. క్లెయిమ్ రెండు రకాలు!

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. రేట్లు ఉదాహరణకు వేసుకున్నవే, రూల్స్ మాత్రం నిజమైనవి. ఒక 1992 మోడల్ పద్మిని. ఆటో వచ్చి ముందు పక్క గుద్దింది. ఫెండర్, బంపర్ పోయాయి, హెడ్‌లైట్ అద్దం పగిలింది. షెడ్డులో బిల్లు ఇలా వేశారు. ఇనుప సామాను 11 వేలు. రబ్బరు బీడింగులు 2 వేలు. అద్దం 1,500. టింకరింగ్ కూలి 10 వేలు. పెయింటింగ్ 12 వేలు. మొత్తం 36,500. జీఎస్టీ పక్కన పెడదాం.

కంపెనీ ఏం కోస్తుంది? పదేళ్లు దాటిన కారుకి ఇనుప భాగాల మీద 50 శాతం తరుగు. కాబట్టి 11 వేలకి 5,500. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, టైర్లకు కారు వయసుతో సంబంధం లేకుండా 50 శాతం. ఇక్కడ వెయ్యి వస్తుంది. అద్దానికి తరుగు లేదు, 1,500 పూర్తిగా ఇస్తారు. కూలికీ తరుగు లేదు, 10 వేలూ వస్తాయి. పెయింటింగ్ బిల్లులో పావు వంతుని మెటీరియల్‌గా లెక్కేసి, అందులో సగం కోస్తారు. అంటే 12 వేలలో 1,500 పోయి 10,500 వస్తుంది. మొత్తం 28,500. దీంట్లోంచి తప్పనిసరి డిడక్టబుల్ తీసేస్తారు. 1500 సీసీ లోపు ఇంజిన్‌కి వెయ్యి, దాటితే రెండు వేలు. పద్మినిది 1089 సీసీ కాబట్టి వెయ్యి. చివరికి 27,500.

చూశారా, కూలి, పెయింటింగ్‌లోనే ఎక్కువ వచ్చింది. పాత కారు రిపేర్‌లో ఖర్చంతా మేస్త్రీ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఇది మనకు కలిసొచ్చే పాయింట్. అందుకే షెడ్డు ఎస్టిమేట్‌లో "టోటల్ రిపేర్ 36,500" అని ఒకే లైన్ రాయించుకోకండి. విడిభాగం విడిగా, కూలి విడిగా, రంగు విడిగా రాయించండి. లేకపోతే సర్వేయర్ తనకు తోచినట్టు విడగొడతారు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. అసలు ట్విస్ట్ ఇప్పుడే. పాలసీ షరతుల ప్రకారం లెక్కేసిన రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని 'కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్' అంటారు. తెలుగులో చెప్పాలంటే బాగు చేయించడం దండగ, కారు పోయినట్టే అని తేల్చడం. పై కారుకి ఐడీవీ 40 వేలు అనుకోండి. 75 శాతం అంటే 30 వేలు. మన లెక్క 27,500 కాబట్టి రిపేర్ క్లెయిమ్ కిందే పోతుంది. అదే ఐడీవీ 35 వేలు ఉంటే? 75 శాతం అంటే 26,250. దాటేసింది. అదే సొట్ట, అదే షెడ్డు, అదే బిల్లు.. కానీ ఐడీవీలో 5 వేల తేడాతో నడుస్తున్న కారు కాగితాల మీద తుక్కు అయిపోయింది.

కొత్త కారు వాళ్లు టోటల్ లాస్ వస్తే సంతోషిస్తారు, డబ్బు తీసుకుని ఇంకోటి కొనుక్కుంటారు. మనకది కుదరదు. పద్మిని తయారీ ఆగిపోయి పాతికేళ్లు కావొస్తోంది. అంబాసిడర్ 2014లో ఆగింది. 35 వేలకి అలాంటి కారు బయట దొరకదు. పైగా అది వేరే కారు అవుతుంది గానీ తాతగారి కారు అవ్వదు.

టోటల్ లాస్ అన్నారా? వెంటనే సంతకం పెట్టకండి

టోటల్ లాస్ అంటే కంపెనీ సాధారణంగా రెండు దారులు చూపిస్తుంది. కారు వాళ్లకి అప్పగించి ఐడీవీ తీసుకోవడం ఒకటి. కారు మనమే ఉంచుకుని, తుక్కు విలువ మినహాయించి మిగతాది తీసుకోవడం రెండోది. తుక్కు విలువ ఎంతో కంపెనీ పిలిచిన కొనుగోలుదారులు చెప్తారు. పాత కార్ల విషయంలో ఈ కొటేషన్ కాస్త ఎక్కువే రావొచ్చు, ఎందుకంటే వాటి సామాన్లకి గిరాకీ ఉంది. అది మనకు నష్టం. తుక్కు ధర ఎంత ఎక్కువైతే మన చేతికి వచ్చేది అంత తక్కువ.

ఇక మూడో సమస్య ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం బండి ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా ఓనర్ 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్‌సీ అప్పగించాలి. దీన్ని చూపించి టోటల్ లాస్ క్లెయిమ్‌లో ఆర్‌సీ రద్దు చేయించుకు రమ్మని కంపెనీలు అడుగుతుంటాయి. ఆర్‌సీ రద్దయితే? కారు మీ దగ్గరే ఉంటుంది, బాగు కూడా చేయించుకుంటారు, కానీ రోడ్డెక్కలేదు. షోకేసులో బొమ్మలా ఉండాల్సిందే.

పెదనాన్న గారికి సరిగ్గా ఇదే ఎదురైంది. ఆటోనగర్ షెడ్డు ఎస్టిమేట్ లక్షా 10 వేలు. ఐడీవీ 35 వేలు. తుక్కుకి 12 వేలు కోట్ వచ్చింది. 35 వేల నుంచి 12 వేలు, డిడక్టబుల్ వెయ్యి తీసేసి 22 వేలు ఇస్తాం, ఆర్‌సీ క్యాన్సిల్ చేయించి లెటర్ తెండి అన్నారు. ఆయన రిటైర్డ్ టీచర్. గట్టిగా మాట్లాడే రకం కాదు. "డబ్బు ఇవ్వకపోయినా పర్లేదమ్మా, నంబర్ మాత్రం పోనివ్వను" అన్నారు నాతో. ఏపీడబ్ల్యూ సిరీస్ నంబర్ అది. ఇప్పుడు కావాలన్నా రాదు.

చివరికి చేసిందేంటంటే, కారు మరమ్మతుకు వీలైనదేనని షెడ్డు మేస్త్రీ దగ్గర రాయించుకుని, క్లెయిమ్‌ని రిపేర్ పద్ధతిలోనే, 75 శాతం హద్దు లోపలి మొత్తానికే పరిమితం చేయమని కోరుతూ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి లెటర్ పెట్టారు. మిగతా ఖర్చు నేనే భరిస్తాను అని అందులో రాశారు. ఐదు వారాలు పట్టింది. ఒప్పుకున్నారు. రిపేర్ బిల్లులు చూపించాక 25 వేలు వచ్చింది. ఆర్‌సీ అలాగే ఉంది. అన్ని కంపెనీలూ ఇలాగే ఒప్పుకుంటాయని చెప్పలేను గానీ, అడగడానికి ఇలాంటి దారి ఒకటుందని చాలామందికి ఎవరూ చెప్పరు. ఆయనకీ ముందు ఎవరూ చెప్పలేదు.

వరదైతే ఇగ్నిషన్ ముట్టుకోవద్దు

వరద నష్టం ఓన్ డ్యామేజ్ కవర్‌లో ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే పైసా రాదు, ఇది గుర్తుంచుకోండి. నీళ్లలో ఉన్న కారుని స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీళ్లు లాగి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టం అని కంపెనీ వాదిస్తుంది. కొత్త కార్లకి దీనికోసం ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ దొరుకుతుంది. పాత కార్లకి సాధారణంగా అదీ ఇవ్వరు, జీరో డిప్రిసియేషనూ ఇవ్వరు.

కాబట్టి బ్యాటరీ టెర్మినల్ తీసేయండి, టో చేయించండి. అంతకంటే ముందు నీటి మట్టం కారులో ఎక్కడి దాకా వచ్చిందో తెలిసేలా ఫొటోలు, వీడియో తీయండి. నీళ్లు తగ్గాక డోర్ మీద మిగిలిన బురద గీత కూడా సాక్ష్యమే. సర్వేయర్ రాకముందే కడిగించేస్తే ఆ గీత పోతుంది. పెదనాన్న గారు ఇంటి ముందు శుభ్రం చేసుకుంటూ కారుని కూడా పైపు పెట్టి కడగబోయారు. అదృష్టవశాత్తూ అప్పుడే మోటార్ పాడైంది.

అన్నట్టు, ఇలాంటి వరదలప్పుడు కంపెనీలు ప్రత్యేక కౌంటర్లు పెడతాయి. విజయవాడలోనూ పెట్టారు. కాల్ సెంటర్ లైన్లో గంటలు వేచి ఉండేకంటే అక్కడికి వెళ్లడం నయం.

సర్వేయర్ వచ్చినప్పుడు..

50 వేలు, ఆపైన ఉండే మోటార్ క్లెయిమ్‌కి లైసెన్స్ ఉన్న సర్వేయర్ లెక్క కట్టాల్సిందే. అంతకు తక్కువైనా కంపెనీలు ఎవరో ఒకరిని పంపుతాయి. వచ్చే వ్యక్తి రోజుకి పది స్విఫ్ట్‌లు, క్రెటాలు చూసే మనిషి. మీ పద్మినికి ఫెండర్ ఎక్కడ దొరుకుతుందో, ఎంతకి దొరుకుతుందో ఆయనకు తెలియకపోవచ్చు. కంపెనీ రేట్ లిస్ట్ లేదు కదా! అందుకే పార్టుల ధర మీరే నిరూపించాలి. చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల రెండు మూడు షాపుల నుంచి లెటర్‌హెడ్ మీద కొటేషన్లు తెప్పించి పెట్టుకోండి. వాట్సాప్‌లో "అన్నా, ఫెండర్ 8 వేలు" అని వచ్చిన మెసేజ్ పనికిరాదు. జీఎస్టీ బిల్లు ఇచ్చే షాపే చూసుకోండి.

పాత కారు అనగానే సర్వేయర్ మొదట వెతికేది తుప్పు. సహజంగా వచ్చే అరుగుదల, తుప్పు పాలసీలో కవర్ కావు. డోర్ కింద ముందే తుప్పు ఉంటే, యాక్సిడెంట్‌లో ఆ డోర్ నలిగినా కొంత కోత పెడతారు. యాక్సిడెంట్‌కి ముందు కారు ఎలా ఉందో చూపించే ఫొటోలు ఉంటే ఇక్కడే పనికొస్తాయి. ఏడాదికోసారి రెన్యువల్ రోజున ఒక పది ఫొటోలు తీసి మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి, తేదీతో సహా భద్రంగా ఉంటుంది.

సర్వే రిపోర్ట్ కాపీ అడగడం మీ హక్కు. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సర్వేయర్ 15 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి, రిపోర్ట్ అందిన 7 రోజుల్లో కంపెనీ క్లెయిమ్ తేల్చాలి. ఇక సర్వేయర్ రాసిందే వేదం కూడా కాదు. అది తుది మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. పాలసీ ఇచ్చేటప్పుడు ఒప్పుకున్న విలువని క్లెయిమ్ రాగానే కంపెనీ ఇష్టమొచ్చినట్టు తగ్గించడం కుదరదని 2008లో ఇంకో కేసులో చెప్పింది. "మీ కారు మార్కెట్ విలువ అంత లేదండీ" అన్నప్పుడు ఈ రెండో తీర్పు అక్కరకొస్తుంది.

క్లెయిమ్ మొత్తం ఎగరగొట్టే తప్పులు

పాత కార్లు కొనేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. కారు కొంటారు, ఆర్‌సీ మార్చుకుంటారు, ఇన్సూరెన్స్ మాత్రం పాత ఓనర్ పేరు మీదే వదిలేస్తారు. థర్డ్ పార్టీ కవర్ చట్ట ప్రకారం కొత్త ఓనర్‌కి వస్తుంది గానీ, ఓన్ డ్యామేజ్ రాదు. కొన్న 14 రోజుల్లో కంపెనీకి చెప్పి పేరు మార్పించుకోవాలి. లేకపోతే మీ కారుకి జరిగిన నష్టానికి మీరు ఎవరో కూడా వాళ్లకి తెలీదు!

రెండోది ఆర్‌సీ గడువు. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. షెడ్డులో ఉండే కారుకి ఇది మర్చిపోవడం చాలా సులువు. రిజిస్ట్రేషన్ చెల్లని బండి రోడ్డు మీద ఉంటే అది పాలసీ షరతుల ఉల్లంఘనే అని, తాత్కాలిక రిజిస్ట్రేషన్ ముగిసిన ఒక బండి కేసులో 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరి పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే? అది లేదన్న కారణంతో యాక్సిడెంట్ క్లెయిమ్ తిరస్కరించడానికి లేదని ఐఆర్‌డీఏఐ 2020లో వివరణ ఇచ్చింది. ఫైన్ పడుతుంది, అది వేరే సంగతి.

మూడోది మార్పులు. అంబాసిడర్‌లో వేరే ఇంజిన్ పెట్టించడం మన దగ్గర మామూలే. ఆర్‌టీఏ అనుమతితో ఆర్‌సీలో ఎక్కించకపోతే ఇంజిన్ నంబర్ కలవదు, క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. తర్వాత బిగించుకున్న ఏసీ, మ్యూజిక్ సిస్టమ్ లాంటివి పాలసీలో విడిగా చూపించి ప్రీమియం కడితేనే లెక్కలోకి వస్తాయి.

తప్పు ఎదుటివాడిదైతే ఇంకో దారి

ఇది చాలా తక్కువ మంది వాడతారు. ఎదుటి బండి తప్పు వల్ల మీ కారు దెబ్బతింటే, మీ సొంత పాలసీ మీదే క్లెయిమ్ చేయాలని లేదు. ఆ బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి పరిహారం కోరుతూ మోటార్ యాక్సిడెంట్స్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ప్రైవేట్ కారు పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. ఇక్కడ మీ ఐడీవీ, మీ పాలసీలోని 50 శాతం తరుగు పట్టిక హద్దులు కావు. నిజంగా ఎంత నష్టమైందో బిల్లులు, వాల్యుయేషన్ రిపోర్ట్‌తో నిరూపించుకోవాలి.

కానీ పోలీస్ కేసు ఉండాలి, లాయర్ కావాలి, టైమ్ పడుతుంది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు అప్లికేషన్ వేయాలని 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చెబుతోంది. రోడ్డు మీద ఐదు వేలు చేతిలో పెట్టి "సర్దుకుందాం సార్" అంటే సర్దుకునే ముందు ఒకసారి ఆలోచించండి. సర్దుకుంటే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. 5 వేల సొట్టకి ట్రిబ్యునల్ దాకా వెళ్లమని చెప్పట్లేదు. రెండు లక్షల రెస్టోరేషన్ పోతే మాత్రం వెళ్లాలి.

కంపెనీ వినకపోతే ఎవరి దగ్గరికి?

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీస్ హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల లోపు వివాదాలు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు, ఫోన్ నంబర్ 155255. అంబుడ్స్‌మన్ వద్దనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. ఒకే గొడవని రెండు చోట్లా ఒకేసారి నడపడం కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోండి.

పెదనాన్న గారి పద్మిని ఇప్పుడు నడుస్తోంది. రిపేర్‌కి ఆయన జేబులోంచి పడింది 85 వేలు. ఆ తర్వాత వచ్చిన రెన్యువల్‌కి ఆటోనగర్ బిల్లులన్నీ ఫైల్ చేసుకుని బ్రాంచికి వెళ్లారు. మొదట 40 వేలకి మించి ఇవ్వలేం అన్నారట. ఇన్‌స్పెక్షన్ చేయించుకోండి, వాల్యుయేషన్ చూడండి అని రెండుసార్లు తిరిగితే లక్షా 20 వేల ఐడీవీ రాశారు. డోర్ లోపలి అట్ట మీద బుడమేరు గీత మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది, ఆయన మార్పించలేదు.